కొత్త కారు, పాత దెబ్బ, రాజీ కాగితం

(కడప, కర్నూలు ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో కారు గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కరువుకూ వలసకూ పేరుబడ్డ ప్రాంతం మనది. ఆలూరు, పత్తికొండ పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు పిల్లాజెల్లాతో వలసపోయే కుటుంబాల మధ్య మనం పనిచేస్తున్నాం. ఇలాంటి చోట కారు కొనగలిగిన మనిషి కష్టం కూడా ఒక కష్టమేనా అని అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయినా ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, డబ్బు పోసి వస్తువు కొన్న ఆడమనిషి "ఇది చెడ్డ సరుకు" అన్నప్పుడు ఆ మాటను ఎవరు నమ్ముతారు, ఎందుకు నమ్మరు, నమ్మించాలంటే చేతిలో ఏముండాలి అన్నది మనందరి సమస్య. కుట్టుమిషను కొన్నా, పాడిబర్రెకు బీమా కట్టినా, వేరుశనగ విత్తనం కొన్నా, బతుకుతెరువుకు ఆటో కొన్నా మనకు ఎదురయ్యేది ఇదే. నా కారు విషయంలో నేను నేర్చుకున్నది మీ పనికి ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

పనిలో భాగంగా నేను చాలా ఏళ్ళు బస్సుల్లోనే తిరిగాను. ముద్దనూరు, జమ్మలమడుగు, మైదుకూరు, ఆళ్ళగడ్డ వైపు పల్లెలు. చివరి బస్సు తప్పితే ఆ రాత్రి ఆ ఊళ్ళోనే. మొగుడు కొట్టి బయటికి నెట్టిన మనిషిని రాత్రి తొమ్మిదింటికి తీసుకురావాలంటే బాడుగ కారు కోసం పదిమందిని బతిమాలాలి. అందుకని 2024 ఫిబ్రవరిలో నా పొదుపు సొమ్ము రెండు లక్షలు, మిగతాది బ్యాంకు అప్పు తీసుకుని కర్నూలులో ఒక షోరూంలో చిన్న కారు కొన్నాను. బండి ధర ఆరు లక్షల ఎనభై వేలు. బిల్లు నా పేర, అప్పు నా పేర. కేసు నడుస్తున్నందున షోరూం పేరూ కంపెనీ పేరూ ఇక్కడ చెప్పను.

ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి ఎడమవైపు వెనక చక్రం మీది రేకు మీద వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి. పదిరోజుల్లో అక్కడ రంగు బొబ్బలాగ లేచింది. ప్రొద్దుటూరులో టింకరింగ్ పని చేసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ముందు కుడివైపు వేలితో తట్టాడు, తర్వాత ఎడమవైపు తట్టాడు. తేడా నాకే వినిపించింది. చిన్న అయస్కాంతం తెచ్చి పెట్టాడు. కుడివైపు గట్టిగా పట్టుకుంది. ఎడమవైపు జారి కింద పడింది.

"అక్కా, ఇది కంపెనీ రంగు కాదు. లోపల పుట్టీ పెట్టి తేల్చినారు. దెబ్బ పెద్దదే తగిలింది" అన్నాడు.

తర్వాత డిక్కీలో పరిచిన చాప తీసి ఒక్కొక్కటీ చూపించాడు. కుడివైపు అతుకులు మిషను పెట్టినట్టు వరసగా ఉన్నాయి. ఎడమవైపు చేత్తో పూసిన సీలెంటు. డోరు రబ్బరు అంచున రంగు తుంపర. వెనక దీపం బోల్టుల మీద స్పానరు పెట్టిన గుర్తులు. వెనక దీపాల ప్లాస్టిక్ మీద తయారైన నెల అచ్చుపోసి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కుడి దీపం మీద 2023 అక్టోబరు. ఎడమ దీపం మీద 2024 జనవరి. నా బండి తయారైన నెల 2023 నవంబరు. నవంబరులో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన బండికి జనవరిలో పుట్టిన దీపం ఎలా వచ్చింది? ఈ ఒక్క ప్రశ్నతో నేను షోరూంకు వెళ్ళాను.

"మీ సార్‌ను పంపండి మేడమ్"

నా ప్రశ్నకు వచ్చిన మొదటి జవాబు, "ఇంట్లో సార్ ఉంటే పంపించండి మేడమ్, ఆయనకు వివరంగా చెప్తాం" అని. సార్ లేరు, బిల్లు నాది అన్నాను. "అయితే అన్ననో తమ్మున్నో ఎవరినైనా..." అన్నారు. ఎవరూ రారు, నాకే చెప్పండి అన్నాక రెండో జవాబు వచ్చింది. "డ్రైవింగ్ కొత్త కదా మేడమ్. రివర్సులో యాడో తగిలించుంటారు. ఎర్రగుంట్ల రోడ్డులో నాపరాళ్ళ లారీలు గీసుకుంటా పోతాయి. మీకు తెలిసుండదు." నాకు లైసెన్సు వచ్చి పదిహేనేళ్ళయింది. ఆ సంగతి వాళ్ళు అడగలేదు. బండి నడిపే ఆడమనిషి ఎక్కడో గుద్దే ఉంటుందన్నది వాళ్ళకు విచారణ అవసరం లేని సత్యం.

ఒంటి మీద దెబ్బలతో పోలీస్ స్టేషనుకు వెళ్ళిన మనిషిని "నువ్వేం చేశావో చెప్పు ముందు" అని అడగటం మనం ఎన్నిసార్లు విన్నాం! దెబ్బ కళ్ళముందు ఉంటుంది. అది ఎలా తగిలిందన్న విచారణ మాత్రం ఆమె ప్రవర్తన దగ్గర మొదలవుతుంది. షోరూం ఏసీ గదిలో కూడా అదే పద్ధతి. కాకపోతే అక్కడ మంచినీళ్ళిచ్చి, కుర్చీ వేసి అడుగుతారు.

మూడో జవాబు కాగితం రూపంలో వచ్చింది. బండి మంచి స్థితిలో అందుకున్నానని డెలివరీ రోజు పెట్టిన సంతకం చూపించారు. ఆ సంతకం పెట్టకుండా ఏ షోరూమూ తాళం చేతికివ్వదు. చట్టం దృష్టిలో దాని విలువ ఎంతో మనకు తెలిసి ఉండాలి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షను ప్రకారం, కొనేవాళ్ళు సరుకును పరిశీలించి తీసుకుంటే, ఆ పరిశీలనలో బయటపడవలసిన లోపాల విషయంలో మాత్రమే తర్వాత మాట్లాడే వీలు పోతుంది. రంగు కింద పుట్టీ పెట్టి దాచిన దెబ్బ దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఫోటో తీసే ఆ అరగంటలో ఎవరికీ కనిపించదు. కనిపించకుండా ఉండాలనే కదా పుట్టీ పెట్టింది! దాచిన వాళ్ళే "మీరు చూసుకుని తీసుకున్నారు" అనడం చెల్లదు.

ఉచిత మరమ్మతు వెల

నేను రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. డెలివరీకి ముందు చేసే తనిఖీ కాగితం, బండి స్టాకు యార్డుకు వచ్చిన తేదీ, లారీ మీద వచ్చేటప్పుడు దెబ్బ తగిలినట్టు బీమా క్లెయిం ఏమైనా ఉంటే దాని వివరం, ఆ చాసిస్ నంబరు మీద వర్క్‌షాపులో తెరిచిన జాబ్ కార్డులు, ఇవన్నీ చూపించమని అడిగాను. ఒక్కటీ చూపించలేదు. మూడు వారాల తర్వాత ఫోను వచ్చింది. గొంతు పూర్తిగా మారింది. ఉచితంగా రంగు వేసి ఇస్తాం, సీటు కవర్లు వేయిస్తాం, ఏడాది సర్వీసు ఉచితం, వచ్చి ఒక సంతకం పెట్టి వెళ్ళండి అన్నారు.

వెళ్ళి ఆ కాగితం చదివాను. "కస్టమర్ వాడకంలో జరిగిన డ్యామేజీని కంపెనీ సద్భావంతో ఉచితంగా సరిచేస్తున్నది, ఇకపై ఏ క్లెయిమూ లేదు" అని రాసి ఉంది. నేను సంతకం పెట్టలేదు.

అప్పటినుంచి నాకు బయటివాళ్ళకన్నా మనవాళ్ళతోనే ఎక్కువ వాదన అయింది. "ఊరికే చేసిస్తామంటుంటే మొండితనం దేనికి? ఒక మాట రాస్తే ఏం పోయింది?" అన్నారు. ఏం పోతుందో చెబుతాను. ఆ మాట రాసి ఇస్తే దెబ్బ నావల్లే తగిలినట్టు నా సంతకంతోనే రుజువవుతుంది. యాక్సిడెంటు డ్యామేజీకి వారంటీ వర్తించదు కాబట్టి రేపు ఆ రేకు తుప్పు పట్టినా నేను అడగలేను. బండి అమ్మబోతే విలువ తగ్గుతుంది, ఆ నష్టమూ నాదే. వాళ్ళు ఇచ్చేది కొన్ని వేల రూపాయల రంగు. పుచ్చుకునేది నా ఫిర్యాదు మొత్తం.

అంతకన్నా పెద్ద మాట ఒకటుంది. రాజీ కాగితాలు మనకు కొత్త కాదు. పెద్దమనుషుల పంచాయితీలో, స్టేషను కౌన్సెలింగులో రాసే కాగితాలు తీసి చదవండి. "భర్త ఇక కొట్టడు" అని ఒక వాక్యం ఉంటే, "భార్య ఇకమీదట అణకువగా ఉంటుంది, అత్తమామలకు ఎదురు చెప్పదు" అని మూడు వాక్యాలు ఉంటాయి. ఆమెను కాపురానికి పంపే తొందరలో మనం కూడా వాటి కింద సాక్షి సంతకాలు పెట్టిన సందర్భాలు లేవా అని అందరం ఆలోచించాలి. రెండేళ్ళకు కేసు కోర్టుకు వెళితే అవతలి లాయరు ముందుగా తీసేది ఆ కాగితమే. రాజీలో ఏం ఇస్తున్నారన్నది ఎంత ముఖ్యమో, తప్పు ఎవరిదని రాశారన్నదీ అంతే ముఖ్యం. రాజీకి నేను వ్యతిరేకిని కాను. నిజం రాసిన రాజీ అయితే ఆ రోజే ఒప్పుకునేదాన్ని.

చట్టం ఎక్కడుంది?

వినియోగదారుల రక్షణ చట్టం మనకు 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. మరమ్మతు చేసిన సరుకునూ పాత సరుకునూ కొత్తదని చెప్పి అమ్మడం అక్రమ వ్యాపార పద్ధతి అని ఈ చట్టం 2వ సెక్షను 47వ క్లాజు పేరుపెట్టి చెబుతోంది. కొనేవాళ్ళకు తెలియవలసిన సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడం కూడా సేవాలోపమే. అంటే రేకుకు దెబ్బ తగలడం ఒక ఎత్తు, ఆ సంగతి చెప్పకుండా కొత్త బండి ధర వసూలు చేయడం ఇంకో ఎత్తు. ఫిర్యాదులో ఈ రెంటినీ విడివిడిగా రాయాలి.

కొత్త చట్టంలో మనలాంటి వాళ్ళకు అక్కరకొచ్చే మార్పు ఒకటుంది. ఫిర్యాది నివసించే చోట, లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. కర్నూలులో కొన్న బండికి కడపలో కేసు వేయగలిగాను. సరుకుకు చెల్లించిన ధర యాభై లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు. ఫీజు అయిదు లక్షల దాకా అసలు లేదు. అయిదు నుంచి పది లక్షల దాకా రెండు వందల రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు, మన కేసు మనమే చెప్పుకోవచ్చు. కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు వేయాలి. రాజీ మాటలు నడుస్తున్నాయి కదా అని కూర్చుంటే ఆ రెండేళ్ళు మనకోసం ఆగవు. అవతలివాళ్ళు ముప్ఫై రోజుల్లో, పొడిగిస్తే మరో పదిహేను రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ గడువు దాటితే జవాబు తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చింది.

నా కేసులో డీలరు వేసిన జవాబులో ఒక వాదన మీ అందరికీ పనికొస్తుంది. ఈమె సంస్థ పనికి బండి వాడుతున్నది కాబట్టి ఇది వాణిజ్య అవసరం, ఈమె వినియోగదారే కాదు అన్నారు. దీనికి రెండు జవాబులున్నాయి. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొన్న వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని చట్టమే వివరణ ఇచ్చింది. ఆటో కొని తానే నడుపుకునే స్త్రీ, కుట్టుమిషను కొని జాకెట్లు కుట్టి బతికే స్త్రీ వినియోగదారులే. ఇక సంస్థల సంగతి. ముంబైలో లీలావతి ఆసుపత్రి ట్రస్టు తన నర్సులు ఉండటానికి ఫ్లాట్లు కొని, నాసిరకం కట్టడం మీద ఫిర్యాదు చేస్తే, అది వాణిజ్య అవసరం కాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కొన్న వస్తువుకూ లాభం తెచ్చే వ్యాపారానికీ దగ్గర సంబంధం ఉందా అన్నదే చూడాలంది. పల్లెకు పోయి దెబ్బలు తిన్న మనిషిని తీసుకురావడంలో లాభమేముంది?

ఇంకో మాట. బిల్లు భర్త పేర ఉన్నా, కొన్న మనిషి ఒప్పుదలతో ఆ వస్తువును వాడుకునేవాళ్ళు కూడా వినియోగదారులే. "మీ సార్‌ను పంపండి" అన్న మాటకు చట్టంలో ఆధారం ఎక్కడా లేదు.

విత్తనం నుంచి కారు దాకా

సాక్ష్యం విషయంలో మన కర్నూలుకు సంబంధించిన తీర్పు ఒకటి ప్రతి కార్యకర్తకూ తెలిసి ఉండాలి. జాతీయ విత్తన సంస్థ అమ్మిన విత్తనాలు నాసివని, పంట దెబ్బతిన్నదని రైతులు వేసిన ఫిర్యాదులను కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా ఫోరాలు ఆమోదించి పరిహారం ఇమ్మన్నాయి. ఆ సంస్థ పైకోర్టుల దాకా వెళ్ళింది. విత్తనాలను ప్రయోగశాలలో పరీక్ష చేయించకుండా ఎలా తీర్పిస్తారన్నది దాని వాదనల్లో ఒకటి. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రైతు కొన్న విత్తనమంతా విత్తుతాడు, రేపు పరీక్షకు కావాలని కొంత దాచిపెట్టుకోడు, కాబట్టి పొలం చూసిన అధికారుల నివేదికలను ఫోరాలు నమ్మడం సరైనదే అంది.

ఈ తీర్పులో ఉన్న ఇంగితం గమనించండి. సాక్ష్యం ఎవరి చేతిలో ఉంటుందో చూసి న్యాయం మాట్లాడాలి. విత్తనం ఎక్కడ పండించారో, ఎప్పుడు పరీక్షించారో సంస్థకు తెలుసు. నా బండి యార్డులో ఉన్నప్పుడు ఎవరు వెనక్కి నడిపి గోడకు కొట్టారో, లేక లారీ మీంచి దించేటప్పుడు ఏం జరిగిందో డీలరు రిజిస్టర్లకు తెలుసు. ఆ కాగితాలు తెప్పించే అధికారం జిల్లా కమిషన్‌కు ఉంది. అవసరమైతే బండిని నిపుణుడికి పంపి నివేదిక తెప్పించవచ్చు. పరీక్ష ఖర్చు ముందుగా మనమే కట్టాల్సి రావచ్చు. అందుకే బొబ్బ లేచిన ఆ రేకును నేను ఇప్పటిదాకా బాగుచేయించలేదు. తుప్పు పెరుగుతోంది, చూసినవాళ్ళంతా అడుగుతున్నారు, నెల నెలా వాయిదా కడుతూనే ఉన్నాను. కానీ ఆ రేకు నా సాక్షి.

కార్ల మీదే వచ్చిన తీర్పులు కొన్ని చెబుతాను. కేరళలో ఒకాయన కొన్న కొత్త డీజిలు కారు లోపాలతో వస్తే, లోపమున్న కారును కొత్తదిగా అంటగట్టబోవడం సిగ్గుచేటని, డీలరూ తయారీ కంపెనీ ఇద్దరూ బాధ్యులేనని 2004లో సుప్రీంకోర్టు అంది. గోవాలో 2009 మోడల్ బండిని, అప్పటికే ఆరువందల ఇరవై రెండు కిలోమీటర్లు తిరిగినదాన్ని, 2011లో కొత్తదిగా అమ్మిన కేసులో 2021 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు ఇంకో మెలిక చూపించింది. కంపెనీ బండిని డీలరుకు అమ్మేస్తుంది. ఆ తర్వాత డీలరు చేసిన మోసం కంపెనీకి తెలుసని ఫిర్యాదులో చెప్పి రుజువు చేయకపోతే కంపెనీ బాధ్యత ఉండదు, డీలరుదే బాధ్యత అన్నారు. అందుకని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడమే కాదు, ఎవరు ఏం చేశారో వేరువేరుగా రాయాలి. నేను కంపెనీకి మెయిలు పంపినా బండిని చూడటానికి మనిషిని పంపలేదన్న సంగతి తేదీలతో సహా రాశాను.

2006లో జమ్మూ కాశ్మీరు నుంచి వచ్చిన ఒక కేసులో, వారంటీ షరతు ప్రకారం చెడిన భాగాన్ని మార్చితే సరిపోయేచోట మొత్తం కారు మార్చమనడం సరికాదని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "కొత్త బండి ఇవ్వాలి" అని ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. అది కాకపోతే డబ్బు వాపసు, అదీ కాకపోతే మరమ్మతు ఖర్చుతో పాటు తగ్గిన విలువ, మనోవేదనకు పరిహారం, ఖర్చులు అని వరసగా అడగాలి.

తగ్గిన విలువ అన్నమాట ఎందుకు ముఖ్యమో అమెరికా కేసు ఒకటి చెబుతుంది. అలబామా రాష్ట్రంలో గోర్ అనే డాక్టరు 1990లో దాదాపు నలభై వేల డాలర్లు పెట్టి కొత్త బీఎండబ్ల్యూ కారు కొన్నాడు. తొమ్మిది నెలల తర్వాత కారుకు మెరుగు పెట్టించబోతే, అది అమ్మకముందే మళ్ళీ రంగు వేసిన బండి అని తెలిసింది. రంగుకు అయిన ఖర్చు ఆరువందల డాలర్లు. బండి ధరలో మూడు శాతం లోపు మరమ్మతు అయితే ఎవరికీ చెప్పనక్కరలేదన్నది కంపెనీ విధానం. జ్యూరీ మాత్రం మళ్ళీ రంగు వేసిన బండి విలువ పది శాతం తగ్గుతుందని నాలుగు వేల డాలర్లు నష్టంగా లెక్కకట్టింది. దండనగా నలభై లక్షల డాలర్లు వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఇరవై లక్షలకు తగ్గించింది. 1996 మేలో అమెరికా సుప్రీంకోర్టు అదీ మితిమీరిన దండనేనంది. చివరికి యాభై వేల డాలర్ల దగ్గర తేలింది. కంపెనీలు ఈ కేసును దండన తగ్గించిన కేసుగా చెప్పుకుంటాయి. ఆరువందల డాలర్ల రంగుకూ నాలుగు వేల డాలర్ల నష్టానికీ ఉన్న తేడాను నేను గుర్తుపెట్టుకున్నాను. దాచిన దెబ్బ నష్టాన్ని రంగు ఖర్చుతో కొలవకూడదు.

పట్టుదల ఎంతకాలం అన్న ప్రశ్న కూడా నిజమైనదే. ఉమ్మడి రాష్ట్రంలో ఒక నిర్మాణ సంస్థ 2009లో కొన్న ఖరీదైన కారు లోపభూయిష్టమని క్రిమినల్ కేసు పెడితే, 2012లో హైకోర్టు కేసు కొట్టేస్తూ కొత్త కారు ఇమ్మంది. కొన్నవాళ్ళు అది తీసుకోక డబ్బే కావాలన్నారు. చివరికి 2024 జూలైలో సుప్రీంకోర్టు యాభై లక్షలు ఇమ్మని ముగించింది. పదిహేనేళ్ళు! అంత కాలం నిలబడటం పెద్ద సంస్థకు సాధ్యం. నెల జీతం మీద బతికే మనిషికి కాదు. జిల్లా కమిషన్ మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణ వేరు. నేను 2024 సెప్టెంబరులో వేసిన ఫిర్యాదు ఇంకా తేలలేదు. ఈ ఆలస్యం మీద మన సంఘాలు వ్యక్తుల కేసులకు అతీతంగా మాట్లాడాలి.

మనం చేయగలిగినవి

వాహనం కొనబోయే స్త్రీ వెంట మన కార్యకర్త ఒకరు వెళ్ళాలి. బండిని పగటి వెలుతురులో, కడిగి తుడిచాక, బీమా, రిజిస్ట్రేషను డబ్బు కట్టకముందే చూడాలి. చాసిస్ నంబరూ తయారైన నెలా ఫోటో తీయాలి. ఈ రెండూ బండి మీద చెక్కి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 122వ నియమం చెబుతోంది. వాటిని అమ్మకపు ధ్రువపత్రం ఫారం 21తో సరిచూడాలి. డెలివరీకి ముందు చేసిన తనిఖీ కాగితం నకలు అడిగి తీసుకోవాలి. డోర్లు, బానెట్టు, డిక్కీ బోల్టులు, రబ్బరు అంచులు, దీపాల మీది నెలలు చూడాలి. రంగు మందం కొలిచే చిన్న పరికరం ఉంటుంది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా నూరు, నూటయాభై మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, పుట్టీ ఉన్నచోట అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది. పరికరం లేకపోతే నమ్మకమైన టింకరింగ్ మేస్త్రీని పిలుచుకుపోండి. రోజుకూలీ ఇచ్చినా మేలే. సంతకం పెట్టేచోట "బయటికి కనిపించినంత వరకు" అని మూడు మాటలు సొంత చేతిరాతతో రాయవచ్చు.

దెబ్బ తర్వాత బయటపడితే ముందు ఫోటోలు, తర్వాత రాతపూర్వక ఫిర్యాదు. ఫోనులో ఎన్ని మాటలు చెప్పినా ఆ సాయంత్రమే "ఈరోజు మీరు ఇలా అన్నారు" అని మెయిలు పంపండి. కాదంటే వాళ్ళు జవాబివ్వాలి. ఊరుకుంటే అదీ రికార్డే. 1915 జాతీయ వినియోగదారుల సహాయ నంబరుకు ఫిర్యాదు చేసి ఆ నంబరు రాసిపెట్టుకోండి. కమిషన్‌కు ఫిర్యాదు 2025 జనవరి నుంచి ఇ-జాగృతి ద్వారా ఆన్‌లైన్లోనూ వేయవచ్చు. కమిషన్ ఆదేశం వచ్చాక కూడా అమలు చేయకపోతే 72వ సెక్షను కింద జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి.

రాజీ కాగితం ముందు పెడితే మూడు ప్రశ్నలు అడగండి. తప్పు ఎవరిదని రాశారు? నేను ఏ హక్కు వదులుకుంటున్నాను? ఇందులో నకలు నాకిస్తారా? ఈ మూడింటికీ జవాబు నచ్చితే సంతకం పెట్టండి. నచ్చకపోతే ఇంటికి తెచ్చుకుని చదువుతానని చెప్పి లేచి రండి. ఇది కారుకే కాదు, పంచాయితీ కాగితానికీ, మైక్రోఫైనాన్సు అప్పు కాగితానికీ, ఆసుపత్రిలో పెట్టించుకునే సంతకానికీ వర్తిస్తుంది.

1992, 93లలో సారా మీద లేచిన ఆడవాళ్ళను కూడా ముందు "మీ మగవాళ్ళను పంపండి, మాట్లాడతాం" అన్నవాళ్ళున్నారు. ఆ ఆడవాళ్ళు ఎవరినీ పంపలేదు, తామే వెళ్ళారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమంతో నా కారును పోల్చడం లేదు. కానీ దుకాణం ముందు నిలబడి తన మాట తానే చెప్పే అలవాటు మనకు అక్కడినుంచే వచ్చింది, దాన్ని పోగొట్టుకోకూడదు. వచ్చే సమావేశానికి ప్రతి మండలం నుంచి ఒక కార్యకర్త, తన దగ్గరికి వచ్చిన ఇలాంటి ఫిర్యాదు ఒకటి, దాని బిల్లుతో, తేదీలతో, రాసిన ఉత్తరాల నకళ్ళతో ఒక ఫైలుగా కట్టి తీసుకురావాలని నా ప్రతిపాదన. బర్రె బీమా అయినా సరే, గ్రైండరు అయినా సరే. అందరం కూర్చుని ఒక్కొక్కటీ చదువుదాం, కమిషన్‌కు పోదగినవాటికి ఫిర్యాదులు అక్కడే రాద్దాం.